మా ఇంటి రూటరుకు తెలుగు వచ్చింది

అమెరికాలో మన ఇళ్ళలో దేవుడి గది లేని ఇల్లు ఉండొచ్చు గానీ రూటరు లేని ఇల్లు ఉండదు. టీవీ వెనకో, మెట్ల కిందో ఒక మూల కూర్చుని, మినుకు మినుకుమంటూ రాత్రింబవళ్ళు పని చేస్తుంది. అది ఆగిన రోజున తప్ప దాని ఊసు మనకు పట్టదు. నిజం చెప్పొద్దూ, పోయిన వేసవి దాకా నాకూ పట్టలేదు. మా అమ్మ వచ్చి, దానికి తెలుగు నేర్పించేదాకా!

మాది హ్యూస్టన్. అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, పొద్దున్నే పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవందే ఆవిడకు తెల్లవారదు. ఆర్నెల్లు మా దగ్గర ఉండి వెళదామని వచ్చింది. మా అమ్మాయికి అప్పటికి పదమూడేళ్ళు. తెలుగు బాగానే మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కుంటూ చదువుతుంది. ఈ వ్యాసం వాళ్ళిద్దరి గురించి, మధ్యలో ఆ పెట్టె గురించి.

పదింటికి ఆగిపోయిన మాట

మా అమ్మాయి రాత్రి పొద్దుపోయేదాకా టాబ్లెట్ పట్టుకుని కూర్చుంటోందని, పదింటికల్లా దానికి ఇంటర్నెట్ అందకుండా రూటరులో ఒక నిబంధన పెట్టాను. పగలంతా ఆ టాబ్లెట్ అమ్మ చేతిలోనే ఉండేది. ఫోను తెర చిన్నది, ముఖాలు ఆనవని దాని మీదే వీడియో కాల్ మాట్లాడేది. వేసవిలో మనకు రాత్రి పదైతే అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర. అప్పుడప్పుడే అక్కడ కాఫీలు అయి, నలుగురూ తీరిగ్గా కూర్చునే వేళ. సరిగ్గా మాట మంచి పసందు మీద ఉన్నప్పుడు తెర బిగుసుకుపోయేది.

మూడో రోజు అమ్మ నన్ను అడిగింది. "ఆ తాళమేదో నాకూ చూపించరాదటే? తీసుకోవడం, వేసుకోవడం నేనే చేసుకుంటాగా. ప్రతిసారీ నిన్ను లేపడం దేనికి?"

న్యాయమైన మాటే. లాప్‌టాప్ తెరిచి రూటరు పేజీ చూపించాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందికి చూసింది. ఒక్క ముక్క కూడా తనది కాదు.

"ఇంత పెట్టెలో నాలుగు ముక్కలు తెలుగులో రాస్తే వీళ్ళ సొమ్మేం పోయిందే?" అంది.

మా అమ్మాయి పక్కనే ఉండి వింది. "అమ్మా, మనమే రాయొచ్చా?" అని అడిగింది. నేను పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఆ ప్రశ్న నాకు తట్టనందుకు కాస్త సిగ్గేసింది.

నీలం పెట్టె కథ

రాయొచ్చు. ఎలా కుదిరిందో తెలియాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. నలుపు, నీలం రంగుల్లో రెండు కొమ్ముల్లాంటి ఏంటెన్నాలతో ఒక రూటరు ఉండేది, గుర్తుందా? లింక్‌సిస్ వాళ్ళ డబ్ల్యుఆర్‌టి54జి. 2002 చివర్లో వచ్చింది. మనలో చాలామంది అపార్ట్‌మెంట్లలో మొదటి వైర్‌లెస్ పెట్టె అదే. అందులో నడిచేది లినక్స్ అని తెలిసినవాళ్ళు 2003లో పసిగట్టారు. లినక్స్ లైసెన్సు ప్రకారం, దాన్ని వాడి సరుకు అమ్మేవాళ్ళు ఆ ప్రోగ్రామును అడిగినవాళ్ళకు చూపించాలి. అలా ఆ ఏడే కంపెనీ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. దాన్ని ఆధారం చేసుకుని 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే ప్రాజెక్టు మొదలైంది. రూటరు కొన్నవాడే దానికి యజమాని, లోపల ఏముండాలో వాడే నిర్ణయించుకోవచ్చు అన్నది వాళ్ళ పద్ధతి.

ఆ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిని బ్రౌజర్‌లో చూపించే ముఖం పేరు లూసీ. ఇది 2008లో జర్మనీలోని ఫ్రైఫుంక్ అనే ఉచిత వైర్‌లెస్ ఉద్యమం వాళ్ళ పనిలోంచి పుట్టింది. పిల్లలూ, లూసీ అంటే అమ్మాయి పేరనుకునేరు! లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు కాబట్టి ఆ పేరు. లువా బ్రెజిల్‌లో పుట్టిన భాష, పోర్చుగీసులో ఆ మాటకు చందమామ అని అర్థం. తరవాతి కాలంలో లూసీలో చాలా భాగాన్ని జావాస్క్రిప్టులోకి మార్చారు గానీ పేరు మాత్రం అదే నిలిచింది.

గరాజులో అట్టపెట్టెలో పడి ఉన్న పాత రూటరు ఒకటి దీనికి పనికొస్తుందని చూసుకుని, అందులో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ఎక్కించాం. లూసీని మన ఇష్టప్రకారం మార్చుకునేవాళ్ళ కోసం రాసిన సూచనల్లో మాకు కావలసినవి రెండు. ఒకటి అనువాదం ఎలా చేయాలో, రెండోది థీమ్ ఎలా కట్టాలో. థీమ్ అంటే పేజీకి తొడిగే బట్టలనుకోండి. రంగులు, అక్షరాల సైజు, మెనూ ఎక్కడుండాలి, అదంతా. విచిత్రమేమిటంటే లూసీలో భాష మార్చుకునే చోటు, థీమ్ మార్చుకునే చోటు ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి. ఎందుకో మాకు తరవాత అర్థమైంది.

మాట కింద మాట

అనువాదం ఫైలు చూస్తే మా అమ్మాయికి ఆశ్చర్యం వేసింది. "ఇంతేనా?" అంది. పైన ఇంగ్లీషు మాట, దాని కింద ఖాళీ కొటేషన్ గుర్తులు. ఖాళీలో తెలుగు మాట రాయాలి. మళ్ళీ ఇంకో ఇంగ్లీషు మాట, ఇంకో ఖాళీ. స్కూల్లో ఖాళీలను పూరింపుము ఇచ్చినట్టే. లూసీ రాసే ప్రోగ్రామర్లు తెర మీద కనిపించే ప్రతి మాట చుట్టూ ఒక గుర్తు పెడతారు. చిన్న ప్రోగ్రాము ఒకటి ఆ గుర్తులున్న మాటలన్నీ ఏరి ఈ పట్టిక తయారుచేస్తుంది. మనం నింపాక ఇంకో ప్రోగ్రాము దాన్ని రూటరుకు సరిపడేలా బాగా కుదించి చిన్న ఫైలుగా మారుస్తుంది. అంత పొదుపు ఎందుకంటే, ఆ నీలం పెట్టెలో మొదట్లో దాచుకునే చోటు మొత్తం 4 మెగాబైట్లే. ఇవాళ ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకే అంత పడుతుంది. అందుకే ఏ భాషకు ఆ భాష విడి ప్యాకేజీగా ఉంటుంది. కావలసినవాళ్ళు కావలసింది పెట్టుకుంటారు.

ఇంకో నియమం ఉంది. ఖాళీ నింపకుండా వదిలేస్తే తప్పేమీ కాదు, అక్కడ ఇంగ్లీషు మాటే కనిపిస్తుంది. ఎంత సుఖమో అనుకున్నాం. ఈ సుఖమే మా కొంప ముంచింది, ఆ సంగతి తరవాత చెబుతాను.

అమ్మకు అవసరమైన పేజీలే ముందు తీసుకున్నాం. నూట ఎనభై మాటల దాకా తేలాయి. రోజూ రాత్రి భోజనాలయ్యాక మా డైనింగ్ టేబుల్ మీద పని. నేను ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పేదాన్ని, అమ్మ మాట ఇచ్చేది, మా అమ్మాయి టైపు చేసేది. తెలుగు కీబోర్డు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకునేది.

అన్నట్టు, ఇలా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే పద్ధతుల్లో పేరుపడ్డ ఆర్‌టీఎస్ పుట్టింది మా ఊళ్ళోనే! అందులో ఆర్ అంటే రైస్. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిశోర్ గారు తయారుచేశారు. తెలుగు అక్షరాలు తెర మీద కనపడటమే గగనంగా ఉన్న రోజుల్లో, అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళు తెలుగులో ఉత్తరాలు రాసుకోవడానికి దారి వేశారు. ఆ సంగతి చెప్పాక మా అమ్మాయి టైపు చేసే తీరులో కొంచెం గర్వం చేరిందని నా అనుమానం.

కౌలు, చిట్టా, ప్రహరీ

మొదట నేను చాలా పెద్దమనిషి తరహాలో మొదలుపెట్టాను. ఫైర్‌వాల్‌కు 'అగ్నికుడ్యం' అన్నాను. అమ్మ నా వంక చూసి, "యజ్ఞం ఏమన్నా చేస్తున్నారా లోపల?" అంది. అది చేసే పనేమిటో చెప్పమంది. బయటివాళ్ళు లోపలికి రాకుండా చూస్తుంది, మనం అనుమతిచ్చిన వాళ్ళనే గేటులోంచి రానిస్తుంది అన్నాను. "అయితే ప్రహరీ గోడ అను. గోడకు నిప్పెందుకు?" అంది. ప్రహరీ అయింది.

జరిగిందంతా వరసగా రాసిపెట్టే లాగ్‌కు 'చిట్టా' అంది, ఆలోచించకుండానే. సెట్టింగులను దాచిపెట్టుకునే బ్యాకప్‌కు 'నకలు' అంది.

అన్నిటికంటే నాకు నచ్చింది లీజ్. మనింట్లో ఫోను, లాప్‌టాప్, టీవీ ఏది వై-ఫైలోకి వచ్చినా రూటరు దానికొక అడ్రసు ఇస్తుంది. శాశ్వతంగా కాదు, కొంత గడువుకు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టిలో మామూలుగా ఆ గడువు 12 గంటలు. గడువు తీరేలోపు అడిగితే పొడిగిస్తుంది, లేకపోతే ఆ అడ్రసు ఇంకొకరికి పోతుంది. ఇదంతా నేను వివరిస్తుంటే అమ్మ మధ్యలోనే అందుకుంది. "కౌలుకిచ్చినట్టు! పొలం మనదే, ఏడాదికి వాడిది. మళ్ళీ మాట్లాడుకుంటే మళ్ళీ వాడిదే." ఎన్నో ఏళ్ళుగా నేను వాడుతున్న మాట ఆ రోజు నాకు కొత్తగా అర్థమైంది. మా పేజీలో ఇప్పటికీ 'కౌలు గడువు: 12 గంటలు' అనే ఉంటుంది.

అన్నీ తెలుగులోకి మార్చాలన్న పంతం అమ్మకు లేదు. వై-ఫై వై-ఫైయే, పాస్‌వర్డ్ పాస్‌వర్డే. "నోట్లో నలిగిన మాటను మార్చకండి. మా ఊళ్ళో అందరూ వై-ఫై అనే అంటారు" అంది.

ఎవరు ఎవరితో అంటున్నారు?

ఇంగ్లీషులో లేని చిక్కు ఒకటి తెలుగులో వచ్చిపడింది. సేవ్ అనే బొత్తానికి 'దాచు' అనాలా, 'దాచండి' అనాలా? నేను మర్యాదగా అన్నిటికీ 'అండి' తగిలించాను. అమ్మ ఒప్పుకోలేదు. "బొత్తాం నొక్కేది నేను. పని చెప్పేది నేను, చేసేది మిషను. దాన్ని నేను అండీ అని బతిమాలుకోవాలా? అదే, మిషను నాకేదన్నా చెబితే అప్పుడు అండీ అనమను" అంది.

అంతే, నియమం తేలిపోయింది. బొత్తాల మీద 'దాచు', 'మార్చు', 'తీసెయ్యి'. తెర మనకు చెప్పే సందేశాల్లో 'కాసేపు ఆగండి', 'పాస్‌వర్డ్ రాయండి'. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిస్తేనే తెలుగు వాక్యం నిలబడుతుంది మరి.

ఇంకో చిక్కు మా అమ్మాయి కనిపెట్టింది. కొన్ని వాక్యాల మధ్యలో ఒక శాతం గుర్తు, పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. రూటరు ఆ చోట్లో పేరో, అంకెో తెచ్చి పెడుతుంది. ఆ గుర్తును చెరిపితే వాక్యం చెడుతుంది. ఇంగ్లీషులో 'కి, లో, నుంచి' లాంటి మాటలు పేరుకు ముందొస్తాయి, తెలుగులో వెనకొస్తాయి. కాబట్టి ఆ గుర్తును వాక్యంలో సరైన చోటికి జరపాలి. "అమ్మా, తెలుగు వెనక నుంచి ముందుకు నడుస్తుందా?" అని అడిగింది. ఇంగ్లీషు చూస్తే మనది వెనక్కి నడిచినట్టుంటుంది, మన వైపు నుంచి చూస్తే వాళ్ళది అన్నాను.

వత్తులు తెగిన తెలుగు

మాటలు అయ్యాక థీమ్ పని. ఇది పూర్తిగా మా అమ్మాయి రాజ్యం. లూసీతో వచ్చే థీమ్‌ను నకలు తీసుకుని, పేరు మార్చి, ఊదారంగు వేసింది. పేజీ పైభాగానికి ఒక ఫైలు, కింది భాగానికి ఒకటి, రంగులు, కొలతలు రాసే స్టైల్ షీటు ఒకటి, కొత్త థీమ్ వచ్చిందని రూటరుకు చెప్పే నాలుగు లైన్ల ఫైలు ఒకటి. ముచ్చటగా, సన్నగా ఒక మెనూ కట్టింది. ఇంగ్లీషులో అద్దంలా ఉంది. తెలుగుకు మార్చి అమ్మను పిలిచాం.

అమ్మ కూడబలుక్కుని చదివింది. "వ...వ...స. వవస అంటే ఏంటే?"

అది 'వ్యవస్థ'. మెనూ పట్టీ ఎత్తు మరీ తక్కువ పెట్టడంతో వత్తులు కింద తెగిపోయాయి. ఇంగ్లీషు అక్షరాలు ఒకే గీత మీద కుదురుగా కూర్చుంటాయి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. మూడంతస్తుల మేడ! ఒకే అంతస్తుకు కట్టిన పందిట్లో పట్టదు. లైన్ల మధ్య ఎడం పెంచి, బొత్తాలకు బిగించిన ఎత్తు తీసేసి, దానంతటది పెరిగేలా రాశాం. అందం కోసం అక్షరాల మధ్య పెట్టిన ఖాళీ తెలుగుకు పనికిరాదని తీసేశాం. చిన్న సైజులో మరీ లావుగా పెట్టిన అక్షరాలు అలుక్కుపోతున్నాయని పలచన చేశాం. భాష, థీమ్ పక్కపక్కనే ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. బట్టలు కొలతలు తీసుకుని కుట్టాలి కదా.

రూటరులో తెలుగు ఫాంటు ఎక్కించాలేమోనని మొదట భయపడ్డాం, అక్కర్లేదు. రూటరు పంపేది అక్షరాల నంబర్లు మాత్రమే, బొమ్మ గీసేది మన ఫోనో లాప్‌టాపో. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గడుల చోటు ఇచ్చారు. ఆ నంబర్లను కలిపి వత్తులూ గుణింతాలూ సరిగా అల్లడం మాత్రం పెద్ద విద్యే. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరంలో కంటికి కనపడని విడదీసే గుర్తు ఒకటి చేరి సందేశంగా వస్తే, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్ళు ఆ నెలలోనే మరమ్మతు విడుదల చేశారు. ఈ కథ విని మా అమ్మాయి, "మన భాష అంత పవర్‌ఫుల్లా!" అని మురిసిపోయింది. పవర్ కాదు తల్లీ, మన అక్షరాలను ఎవరైనా ముందే వేసి చూసి ఉంటే దొరికేదేమో అన్నాను. పరీక్షించి చూడటం గురించి నేను ఎంత తెలివిగా చెప్పానో చూడండి! రెండు వారాలు తిరక్కుండానే నా తెలివి బయటపడింది.

ఆ రాత్రి

అప్పటికి అమ్మ తన నిబంధన తానే తీసుకుని, తానే వేసుకుంటోంది. పొరపాటున ఏదన్నా టిక్కు కదిపితే, పేజీ అడుగున రీసెట్ బొత్తాం ఉంటుంది. మనం చేసిన మార్పులు దాచకముందే వదిలేసి, పేజీని ఇంతకు ముందులా చూపిస్తుంది. దానికి 'మొదటికి తెచ్చు' అని రాశాం. నేను అమ్మకు చెప్పాను కూడా. "తికమకగా ఉంటే 'మొదటికి తెచ్చు' నొక్కేయమ్మా, ఏమీ పోదు."

ఆ రోజు గుంటూరులో మా పెద్దమ్మకు ఆపరేషన్. పొద్దున్న ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకెళతారు, ఎనిమిదింటికి వీడియోలో అక్కతో మాట్లాడాలి. అంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర. మేం ముగ్గురం మన సంఘం నాటిక రిహార్సల్‌కు వెళ్ళాం. అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. తొమ్మిదింపావుకు టాబ్లెట్ తీస్తే ఎందుకో నెట్ కదల్లేదు. అమ్మ లాప్‌టాప్ తెరిచింది. రూటరును ఆపి మళ్ళీ మొదలుపెట్టే రీబూట్ బొత్తాం కోసం వెతికింది. దానికి నేను 'పునఃప్రారంభం' అని పుస్తకాల మాట రాశాను. అది ఆవిడ కంటికి ఆనలేదు. పక్క పేజీలో తనకు తెలిసిన మాట కనిపించింది. 'మొదటికి తెచ్చు.'

ఆ పేజీలో దానర్థం వేరు. అక్కడ అది రూటరులోని అమరికలన్నీ చెరిపేసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేసే బొత్తాం. ఇంగ్లీషులో రెంటికీ ఉన్నది రీసెట్ అనే మాటే కదా అని, నేనే రెండు ఖాళీల్లోనూ ఒకే తెలుగు ముక్క నింపాను. దాని పక్కనున్న పెద్ద వాక్యాలు తరవాత చూద్దాంలే అని ఇంగ్లీషులోనే వదిలేశాను. నొక్కగానే, నిజంగా అన్నీ చెరిపేయమంటారా అని రూటరు ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నా నేను నింపని ఖాళీల్లోదే. ఇంగ్లీషులో వచ్చింది. కింద ఓకే అని ఉంది. అమ్మకు ఓకే తెలుసు. నొక్కింది.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి మొదటి స్థితికి వెళితే మామూలుగా వై-ఫై ఆగిపోయి ఉంటుంది. తీగ తగిలించి మళ్ళీ అమర్చుకోవాలి. ఇంట్లో వై-ఫై పోయింది. అమ్మ ఫోనులో మాట్లాడుకోవడానికి తప్ప డేటా లేదు. నాకు ఫోన్ చేసింది. పరుగున బయల్దేరి, ఇల్లు చేరి, నా ఫోనులో కాల్ కలిపి అమ్మ చేతికిచ్చేసరికి, అవతల మా అన్నయ్య ఎత్తాడు. "ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు పిన్నీ. పది నిమిషాలైంది" అన్నాడు.

అమ్మ ఫోను నాకిచ్చి సోఫాలో కూర్చుంది. నాకు మాట పెగల్లేదు. నువ్వెందుకు నొక్కావని అడిగే ముఖం నాకు లేదు. చాలాసేపటికి అమ్మే అంది, కోపంగా కూడా కాదు. "నువ్వు రాసిన మాటేనే నేను నమ్మింది."

మూడు గంటల తరవాత పెద్దమ్మ క్షేమంగా బయటికొచ్చింది. మర్నాడు అక్కాచెల్లెళ్ళు గంటసేపు మాట్లాడుకున్నారు. కానీ ఆ రాత్రి అమ్మ పడుకోలేదు. మా అమ్మాయి కూడా, అమ్మమ్మ పక్కన కూర్చుని.

మళ్ళీ మొదటి నుంచి

ఇంగ్లీషులోనే ఉండి ఉంటే అమ్మ ఆ పేజీ జోలికి వెళ్ళేది కాదు. తెలుగులో ఉంది కాబట్టి ధైర్యం చేసింది. సగం చేసిన అనువాదం అసలు లేనిదానికంటే ప్రమాదమని నాకు ఆ రోజు తెలిసింది. మాట తెలుగులో ఇచ్చామంటే, నమ్మమని చెప్పినట్టే. నమ్మమన్నాక హెచ్చరికను ఇంగ్లీషులో వదిలేస్తే ఎలా?

ఇక ఆపేద్దామా అని అడిగాను. అమ్మే వద్దంది. "వంట మాడితే పొయ్యి తీసేస్తామా? సరిగ్గా రాయండి" అంది. ఈసారి కొన్ని నియమాలు రాసుకుని ఫ్రిజ్ మీద అంటించాం.

ఒకటి, ఇంగ్లీషు మాట చూసి తెలుగు రాయకూడదు. ఆ బొత్తాం నొక్కితే ఏం జరుగుతుందో చూసి రాయాలి. మార్పులను వదిలేసే రీసెట్ 'మార్పులు వద్దు' అయింది. రీబూట్ 'ఆపి మళ్ళీ మొదలుపెట్టు' అయింది. ఆ పెద్ద రీసెట్ మీద ఇప్పుడు 'అన్నీ చెరిపెయ్యి' అని ఉంటుంది.

రెండు, ఏ పేజీ మొదలుపెట్టినా అందులోని హెచ్చరికలే ముందు రాయాలి. "ఇంట్లో పెట్టుకున్న అమరికలన్నీ పోతాయి, వై-ఫై ఆగిపోతుంది. నిజంగానే చెరిపేయమంటారా?" ఇది అమ్మ చెప్పిన వాక్యమే.

మూడు, థీమ్‌లో ఆ ఒక్క బొత్తాం ఎర్రగా ఉండాలి, పక్కన మిగతా బొత్తాలు ఉండకూడదు.

నాలుగు, పేజీ పూర్తయ్యాక అమ్మ చదివి, నొక్కితే ఏమవుతుందో ముందే చెప్పాలి. ఆవిడ చెప్పిందీ, జరిగేదీ ఒకటైతేనే ఆ పేజీ అయిపోయినట్టు.

ఐదు, ముందుగా నకలు తీసి దాచుకోవాలి. ఇది నేను ఆఫీసులో పదిమందికి చెప్పే పాఠమే. ఇంట్లో పాటించలేదు.

పిల్లలకో లెక్క

పిల్లలూ, ఇప్పుడు మీకో సరదా లెక్క. మీ వై-ఫైకి తెలుగు పేరు పెట్టొచ్చు తెలుసా? కాకపోతే ఆ పేరు 32 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు. గుర్తు అంటే అక్షరమే కాదు. గుడి ఒక గుర్తు, కొమ్ము ఒక గుర్తు, వత్తును కలిపే పొల్లు కూడా ఒక గుర్తే. అంటే తెలుగు గుర్తులు పదికి మించి పట్టవన్నమాట.

మా అమ్మాయి 'అమ్మమ్మ ఇల్లు' అని పెడదామనుకుంది. లెక్కేస్తే పన్నెండు గుర్తులు, ముప్ఫై ఆరు బైట్లు, మధ్యలో ఖాళీకి ఒకటి, మొత్తం 37. పట్టదు! 'అమ్మ ఇల్లు' అయితే 28, పడుతుంది. "కానీ అది నీ పేరవుతుంది, అమ్మమ్మది కాదు" అని నా మీద అలిగి, చివరికి వట్టి 'అమ్మమ్మ' అని పెట్టింది. ఏడు గుర్తులు, 21 బైట్లు. మీ పేరు, మీ ఊరి పేరు వేసి చూడండి, ఎన్ని బైట్లొస్తాయో.

చివరిగా ఒక మాట

లూసీ అనువాదాలు చేసేది జీతగాళ్ళు కాదు, మనలాంటి స్వచ్ఛంద సేవకులు. వెబ్లేట్ అనే చోట ఎవరైనా చేయి వేయొచ్చు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేదీ ఇలాంటి చేతుల మీదే. మన ఇళ్ళలో కంప్యూటర్ తెలిసిన పిల్లలున్నారు, తెలుగు తెలిసిన పెద్దలున్నారు. ఆర్నెల్లు ఉండి వెళ్ళే అమ్మానాన్నలకు ఇక్కడ పొద్దుపోదని బాధపడతాం. వాళ్ళ దగ్గర కౌలు, చిట్టా, ప్రహరీ లాంటి మాటలు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి అడిగి చూడండి. మా అమ్మాయికి ఏళ్ళ తరబడి తెలుగు బడిలో రాని వత్తులు, ఆ డైనింగ్ టేబుల్ దగ్గర రెండు నెలల్లో వచ్చాయి.

అమ్మ అక్టోబరులో తిరిగి వెళ్ళింది. వెళ్ళే ముందు రోజు రాత్రి, పదింటి నిబంధన తానే మళ్ళీ వేసి, 'దాచు' నొక్కి, చిట్టాలో చూసి నిర్ధారించుకుని మరీ పడుకుంది. "పిల్ల చదువుకోవాలి కదే" అంది.

మా ఇంటికి ఎవరొచ్చినా ఫోను తీసి వై-ఫై ఏదని అడుగుతారు. 'అమ్మమ్మ' అని చెబుతుంది మా అమ్మాయి.